గొడుగు పిన్ని మీద నలభై తొమ్మిది టిక్కులు

నాకు పెళ్ళయి నలభై రెండు రోజులు, ఉద్యోగం వచ్చి యాభై ఆరు రోజులు. రెండు చోట్లా నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నానని మా ఆయన అంటాడు. "మా ఆయన" అనే మాట వాడే అవకాశం దొరికితే నేను వదలను. బస్సులో పక్క సీటావిడ టైమెంతయిందని అడిగినా "మా ఆయన వాచీ అయితే ఐదు నిమిషాలు ముందుంటుందండీ" అని మొదలుపెడతాను. ఆవిడ వేరే సీటు చూసుకుంటుంది.

మా ఆయన పళ్ళు చేస్తాడు. కట్టుడు పళ్ళు. డెంటల్ ల్యాబులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎవరెవరి దవడల అచ్చులో ముందు పెట్టుకుని మైనంతో, ప్లాస్టరుతో కుస్తీ పడతాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద తెల్లపొడి ఉంటుంది. అది ఊదడం నా పని. పెళ్ళయిన మూడో రోజు నాకో కానుక ఇచ్చాడు. గులాబీరంగు చిగురు మీద గుప్పెడంత దంతం. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోమన్నాడు. బంగారం ఇచ్చినా అంత మురిసిపోయేదాన్ని కాదు. అది ఆఫీసులో నా బల్ల మీదే ఉంటుంది.

నా ఆఫీసు ఒక టీవీ చానల్లో ప్రేక్షకుల విభాగం. పేరు చూసి పెద్ద హాలు ఊహించుకోకండి. రెండు బల్లలు, రెండు ఫోన్లు, అవతలి గోడని తప్ప ఇంకేదీ చూపించని ఒక కిటికీ. ఒక బల్ల నాది. రెండోది తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్న హెడ్‌ఫోన్ అక్కది. అక్క హెడ్‌ఫోన్స్ మెడలోంచి తియ్యదు, భోజనాల దగ్గర కూడా. మా ఇద్దరి మీదా ఒక ఆఫీసరు. ఆయన్ని అందరూ కాలమ్‌గారు అంటారు. ప్రపంచంలో దేన్నయినా నిలువుగీతలు గీసి గడుల్లో పెట్టొచ్చని ఆయన నమ్మకం. మంచి మనిషే. తన టిఫిన్ డబ్బాకి కూడా గడులున్నాయి.

మా చానల్లో శనివారం సాయంత్రం ఏడింటికి "ఆరు ముక్కలాట" అనే హాస్య కార్యక్రమం వస్తుంది. అరగంటలో ఆరు చిన్న చిన్న నాటికలు. అందులో నాలుగోది గొడుగు పిన్ని. యాభై దాటిన ఒకావిడ, చేతిలో పొడుగాటి నల్ల గొడుగు, ప్రతివారం ఏదో ఒక ఆఫీసు కౌంటరు దగ్గరికి వస్తుంది. గుమాస్తా ఏది చెబితే దానికి "అదే రాసివ్వు నాయనా" అంటుంది. పక్క కిటికీలో అడగమ్మా అంటాడు. పిన్ని పక్క కిటికీకి వెళ్తుంది. తీరా చూస్తే అక్కడా అతనే వచ్చి కూర్చుంటాడు. "నాయనా, నిన్నే అడగమని ఇందాక ఆ కిటికీలో అబ్బాయి చెప్పాడు. అదే రాసివ్వు." గదిలో గొడుగు విప్పుతుంది. ఇక్కడ వాన పడదమ్మా అంటాడు. "అదే రాసివ్వు నాయనా, వెంటనే ముడిచేస్తా."

అంతే. అందులో ఇంకేమీ లేదు. కాని సోమవారం పొద్దున్న మా రెండు ఫోన్లూ మోగేది ఆ పిన్ని గురించే.

ఫోను వస్తే ఒక ఫారం మీద టిక్కు పెట్టాలి. నచ్చింది, నచ్చలేదు, ఇతరం. మూడు గడులు. నేను చేరిన వారమే కాలమ్‌గారు ఈ ఫారం తెచ్చారు. అంతకుముందు అక్క నోటుపుస్తకంలో రాసుకునేదట. నాకు మొదటిరోజే ఆయన నియమం చెప్పారు.

"చూడమ్మా, జనం ఫోన్లో పది మాటలు మాట్లాడతారు. అటూ ఇటూ ఊగుతారు. అవన్నీ పట్టించుకోకు. ఫోను పెట్టేసే ముందు ఏమన్నారో అదే అసలు అభిప్రాయం. చివరి మాటకే టిక్కు."

నాకు తెగ నచ్చింది. కాలేజీలో చదివిన గణాంకశాస్త్రం ఇన్నాళ్ళకి పనికొస్తోందనిపించింది. నా టిక్కులు ముత్యాల్లా ఉండేవి, అన్నీ ఒకే ఏటవాలు. అక్క మాత్రం "నాకెందుకో ఇది అంటుకోదు తల్లీ" అనుకుంటూ, తను తీసిన ఫోన్లకీ టిక్కులు నన్నే పెట్టమనేది. ఫోను పెట్టేసి, చివరి ముక్క నాకు చెప్పేది. నేను టిక్కు కొట్టేదాన్ని.

ఆ మంగళవారం కాలమ్‌గారు నా ఫారాలు కూడి మా గదిలోకి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"అరవై నాలుగు ఫోన్లు. నచ్చింది ఎనిమిది. ఇతరం ఏడు. నచ్చలేదు నలభై తొమ్మిది! ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? గురువారం మీటింగులో పెడుతున్నా. గొడుగు పిన్ని ముక్క తీసేస్తారు. దాని బదులు పాటలు పాడే కవల పిల్లలు రెడీగా ఉన్నారు." నా వైపు తిరిగి, "అంతా నీ ఫారాల పుణ్యమేనమ్మా. ఇంత శుభ్రంగా నింపినవాళ్ళని నేను చూడలేదు" అన్నారు.

నేను సిగ్గుపడి దంతాన్ని అటు జరిపి ఇటు పెట్టాను. పొగడ్త ఎవరికి చేదు?

చేదు మధ్యాహ్నం తెలిసింది. మెట్ల దగ్గర గొడుగు పిన్ని నిలబడి ఉంది. టీవీలో కంటే పొట్టిగా ఉంది. బయట వానలో తడిసి వచ్చిందేమో, గొడుగు దులుపుతోంది. అది కార్యక్రమంలో గొడుగే. ఇంకోటి లేదట.

"అమ్మాయ్, కొత్తగా చేరింది నువ్వేనా? ఫోన్లు తీసే అమ్మాయివి?"

"అవునండీ."

"పెళ్ళికళ ఇంకా మొహంలోంచి దిగలేదు. బాగుంది. ఏమంటున్నారమ్మా జనం? నా గురించి."

పిన్ని నా మొహం చూసి గొడుగు నెమ్మదిగా ముడిచింది.

"పర్లేదులే. నేను పద్దెనిమిదేళ్ళు మేకప్ గదిలో మీసాలు అతికించినదాన్ని. రావలసిన ఆవిడ రాక, ఆ వేళకి చేతికందిన ఆడమనిషిని నేనే కాబట్టి ఈ గొడుగు ఇచ్చారు. తీసేస్తే మళ్ళీ మీసాలకే పోతా. జిగురు వాసన నాకేం కొత్తా?" గొడుగు కొన మెట్టుకి ఆనించింది. "కాకపోతే ఒక్కటే. మా ఇంట్లో నేను నోరు తెరిస్తే లేచి వెళ్ళిపోయే మగాళ్ళు ముగ్గురున్నారు. శనివారం సాయంత్రం అరగంట మాత్రం ముగ్గురూ కదలకుండా కూర్చుని నా మాట వింటారు. ఆ అరగంట పోతుందే అని."

ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ప్రతి మెట్టు మీదా ఒక నీటిచుక్క.

నాకు పిన్ని అంటే ఇష్టం. కాని నా ఇష్టంతో పనేముంది? అరవై నాలుగు మంది ఫోన్ చేస్తే నలభై తొమ్మిది మంది వద్దన్నారు. అది నా చేత్తో నేను పెట్టిన లెక్క. ఇంటికి వెళ్ళేదాకా దారంతా అదే అనుకున్నాను.

ఆ సాయంత్రం వంట నాది. మా అత్తగారింట్లో నేనొక్కదాన్నే చేసిన మొదటి కూర. మా అత్తగారు ముప్పై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టారు. కుట్టు తిన్నగా లేకపోతే చొక్కా వేసుకున్నవాడు వీధి చివర ఉండగానే కనిపెడతారు. ఆవిడ కూర వేసుకున్నారు. రెండోసారి వేసుకున్నారు. మూడోసారి గిన్నె వంచి, అడుగున ఉన్నది గరిటెతో గీకి మరీ వేసుకున్నారు. తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ అన్నారు:

"ఉప్పే, కాస్త చూసుకోవాలమ్మాయ్."

గదిలోకి వెళ్ళి, పడుకోవడానికి పక్క దులుపుతున్నట్టు నటించాను. మా ఆయన వెనకే వచ్చాడు.

"ఏడుస్తున్నావా?"

"లేదు. పక్క దులుపుతున్నా."

"దిండుని అంతలా కొడితే అది ఏడుస్తుంది. ఏమైంది?"

"అత్తయ్యకి కూర నచ్చలేదు."

మా ఆయన పెద్దగా నవ్వేసి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "పిచ్చిదానా! గిన్నె గీకింది చూశావా? మా అమ్మకి నచ్చకపోతే ఏమంటుందో తెలుసా? ఒకే ముద్ద తిని, 'చాలా బాగుందమ్మా' అని లేచిపోతుంది. నచ్చిందంటే మాత్రం చివర ఏదో ఒకటి అనాలి. నా పదో తరగతి మార్కులు చూసి వీధంతా తిరిగి చెప్పుకొచ్చి, ఇంటికొచ్చాక నాతో ఏమందో తెలుసా? 'రాత మాత్రం కోడి గీకినట్టుందిరా.' పొగడ్తని ఉత్తినే వదిలెయ్యడం ఆవిడ వల్ల కాదు. చివర చిన్న చిల్లు పెట్టాలి."

"అంటే చివరి మాట..."

"చివరి మాట లెక్కలోకే రాదు. గిన్నె చూడు."

నేను దిండు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చివరి మాటకే టిక్కు. నలభై తొమ్మిది టిక్కులు. అన్నీ నావే, అన్నీ ఒకే ఏటవాలు.

"మనందరం అంతేనా? మీ అమ్మగారొక్కరేనా?" అన్నాను.

"నా దగ్గరికి పళ్ళు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళని చూస్తే తెలుస్తుంది. అద్దంలో చూసుకుని చిగుళ్ళు కనపడేలా నవ్వుతారు. ఆ తర్వాత 'కుడివైపు కాస్త ఎత్తయిందేమో బాబూ' అంటారు. నేను పైకీ కిందకీ తిప్పి, ఏమీ చెయ్యకుండా అవే తిరిగి ఇస్తాను. 'ఇప్పుడు సరిపోయింది' అంటారు. నవ్వు చూడాలి పిల్లా. ఉత్తుత్తి నవ్వుకి పళ్ళే కనిపిస్తాయి. నిజం నవ్వుకి చిగుళ్ళు కనిపిస్తాయి."

అబ్బ, ఎంత తెలివైనవాణ్ణి చేసుకున్నానో! ముద్దొచ్చింది. ఆ సంగతి మీకు అనవసరం.

బుధవారం పొద్దున్నే అక్క దగ్గర కుర్చీ లాక్కున్నాను. సోమవారం ఫోన్ల రికార్డింగులు శుక్రవారం దాకా ఉంటాయి, తర్వాత చెరిపేస్తారు.

"అక్కా, అరవై నాలుగూ మళ్ళీ వినాలి. మొదటినుంచీ."

"కాలమ్‌గారు ఒప్పుకుంటారా?"

"అడగను."

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి మెడలోంచి హెడ్‌ఫోన్స్ తీసి, ఒక చెవి నాకిచ్చి, ఒక చెవి తను పెట్టుకుంది.

"రా. తొమ్మిదేళ్ళుగా ఎవరో ఒకరు ఆ మాటంటారని కూర్చున్నా."

విన్నాం. భోజనానికి కూడా లేవకుండా, ఒకరి డబ్బాలోది ఒకరం తింటూ విన్నాం.

ఒక తల్లి: "మావాణ్ణి పాలు తాగరా అంటే, తాగితే పొడుగవుతానని రాసివ్వమంటున్నాడండీ. సంతకం కూడా అడుగుతున్నాడు. మా మామగారైతే నవ్వలేక మంచం పట్టుకున్నారు. ఆఁ, మేమూ పెట్టించాం సంతకం. అయినా పిల్లలు చెడిపోతున్నారండీ ఇలాంటివి చూసి." నేను పెట్టిన టిక్కు: నచ్చలేదు.

ఒక మంగలి: "శనివారం ఏడింటికి నా షాపులో కత్తెర పక్కన పెట్టేస్తానండీ. చెవులు తెగుతాయని. కస్టమర్లే ఆపమంటారు, పిన్ని అయ్యాక కత్తిరించమంటారు. సౌండే బొత్తిగా వినపడట్లేదు మీది, కాస్త చూసుకోండి." నచ్చలేదు.

ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు మొత్తం నాటికని, ఈలతో సహా, ఫోన్లో మాకు ఆడి వినిపించి, చివర "ఆవిడ నడుం ఇంకా నిటారుగా ఉంచాలి" అన్నారు. నచ్చలేదు.

ఇతరం గడిలో పడ్డ ఏడుగురూ ఆ గొడుగు ఎక్కడ దొరుకుతుందని అడగడానికి చేశారు.

నిజంగా నచ్చనివాళ్ళూ ఉన్నారు. ఒక ముసలావిడ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నాకు డెబ్భై ఒకటమ్మా. నేను కౌంటర్ల దగ్గర నిలబడితే నా వెనక కుర్రాళ్ళు 'అదే రాసివ్వు' అని నవ్వుతున్నారు. మీకు ఆట. నాకు ఆ లైన్లో నిలబడటం ఆట కాదు." ఆవిడ చివర ఏమీ కలపలేదు. మర్యాదగా "ఉంటానమ్మా" అని పెట్టేసింది. అలాంటివాళ్ళు పధ్నాలుగు మంది తేలారు. వాళ్ళ టిక్కుల్ని నేను ముట్టుకోలేదు. నచ్చలేదన్నవాళ్ళని నచ్చిందని రాస్తే నాకూ ఆ నియమానికీ తేడా ఏముంది?

యాభై మూడో ఫోను అక్క తీసినది. అవతలి గొంతు వినగానే నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"నమస్కారమండీ. పోయినవారం పిన్ని పోస్టాఫీసుకి వెళ్ళింది చూశారా? ఆ జిగురు డబ్బా మూత రాక, 'మూత ఉందని రాసివ్వు' అంది చూడండీ..." ఆ తర్వాత నిమిషం పాటు ఉత్త నవ్వు. చిగుళ్ళు వినపడ్డాయి. "ఇదుగో, మా కొత్త కోడలు మీ ఆఫీసులోనే చేస్తోంది. నేను ఫోన్ చేసినట్టు దానికి చెప్పకండేం. మహా మంచి పిల్ల. ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ మావాడు ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు, ఇల్లంతా పిట్టలున్నట్టుంది. కాకపోతే తలుపులు దబదబా వేస్తుంది. ఆఁ, పిన్ని సంగతి కదూ. ఏం బాగుందిలెండి, మరీ పొడుగు లాగుతున్నారు. ఉంటా."

నచ్చలేదు. ఏటవాలు టిక్కు. మా అత్తగారి మీద.

"నీకు ముందే తెలుసా?" అన్నాను అక్కతో.

"ఆవిడ ప్రతి సోమవారం చేస్తుంది. మాటిచ్చాను కదా." అక్క కళ్ళు తుడుచుకుంది. నవ్వుకో, దేనికో. నేను కూడా. దేనికో నాకు బాగా తెలుసు. ఇల్లంతా పిట్టలున్నట్టుందట!

సాయంత్రం ఐదున్నరకి లెక్క తేలింది. నచ్చనివాళ్ళు పధ్నాలుగు. నచ్చినవాళ్ళు నలభై మూడు. గొడుగు కావలసినవాళ్ళు ఏడు. ఫారం మీద వాక్యాలకి చోటు లేదు కాబట్టి, అరవై నాలుగు ఫారాల వెనకా వాళ్ళ మాటలు మొదటినుంచి చివరిదాకా రాశాను. యాభై మూడో దాంట్లో కోడలి సంగతి మాత్రం వదిలేశాను.

ఇంటికెళ్ళాక మామగారికి చెప్పాను. ఆయన్ని చూస్తే కొంచెం బెరుకు. ముప్పై రెండేళ్ళు ఆఫీసు కౌంటర్లో పనిచేశారు. శనివారం గొడుగు పిన్ని రాగానే లేచి, వరండాలోకి వెళ్ళి, తలుపు వేసుకుంటారు. ఆయనది పధ్నాలుగు మందిలాంటి అయిష్టమే, కల్తీ లేనిది.

"రేపు ఆ ముక్క తీసేస్తారేమో మావయ్యగారూ. మీరు సంతోషిస్తారు."

"ఎందుకు తీసేస్తారు?"

"చాలామందికి నచ్చలేదని."

ఆయన పేపరు మడిచారు. "నాకు నచ్చదమ్మా. ఎంతమంది కాగితాలు నా చేత్తో నింపి పంపానో ఆ గొడుగావిడకేం తెలుసు? కిటికీ అవతలున్నవాణ్ణి అడిగారా ఎప్పుడైనా? నచ్చదు. అందుకే లేచి వెళ్తాను. అంతవరకే నా పని. నాకు నచ్చలేదని నా పేరు చెప్పి వాళ్ళు ఆపేస్తారా? ఎవరిచ్చారు వాళ్ళకి ఆ అధికారం? నేనిచ్చానా?"

"ఇవ్వలేదు."

"కాగితం తే."

కౌంటర్ రాత అంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఒక్క కొట్టివేత లేదు. మా అత్తగారు వెనకనుంచి తొంగిచూసి "ఆవిడ అడిగినట్టే రాసిస్తున్నారుగా!" అన్నారు. మామగారు పెన్ను ఆపి, ఆవిడ వైపు చూసి, మళ్ళీ రాశారు. నాకు నవ్వొచ్చి తలుపు వేసి బయటికి పోయాను. నెమ్మదిగా వేశాను.

గురువారం మీటింగు పది గంటలకి. పొడుగాటి బల్ల. అటు చివర కార్యక్రమాల అధికారిణి పెద్దమేడం, మధ్యలో ఆ కార్యక్రమం కెమెరా ఆయన, ఇటు కాలమ్‌గారు. గోడవారగా పిన్ని, గొడుగు రెండు చేతులతో పట్టుకుని. నన్ను పిలవలేదు. ఫారాలు ఇవ్వడానికన్నట్టు లోపలికి వెళ్ళి, ఇచ్చాక కదల్లేదు.

"నలభై తొమ్మిది మందికి నచ్చలేదు మేడం," అన్నారు కాలమ్‌గారు.

"పధ్నాలుగు మందికి," అన్నాను.

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"ఆ టిక్కులు నావే మేడం. తప్పు నాదే. ఫోన్లన్నీ మళ్ళీ విన్నాను. మాటలు ఫారం వెనక ఉన్నాయి, తిప్పి చూడండి."

"వెనక రాసే నియమం లేదు!" కాలమ్‌గారు నిజంగానే కంగారు పడ్డారు. "అమ్మా, ప్రొబేషన్‌లో ఉన్నావు, గుర్తుందా? అభిప్రాయమంటే ఒక గడిలో పట్టాలి. పట్టకపోతే అది కబుర్లు. మనిషి చివర అన్నదే మనిషి అభిప్రాయం."

నేను అనాలని అనలేదు. ఎనిమిది వారాలుగా చెవిలో నానుతున్న మాట, దానంతటదే వచ్చేసింది.

"అదే రాసివ్వండి సార్."

ముందు అక్క నవ్వింది, గుమ్మం బయటనుంచి. తర్వాత కెమెరా ఆయన. పెద్దమేడం పెదాలు బిగించి పట్టుకుంది. కాలమ్‌గారు "ఏమిటి రాసిచ్చేది, అది అందరికీ తెలిసిందే" అన్నారు. గోడ దగ్గరనుంచి పిన్ని, అలవాటుకొద్దీ, "అందరికీ తెలుసని రాసివ్వు నాయనా" అంది. ఇక మేడం ఆగలేదు. నేను జాగ్రత్తగా చూశాను. చిగుళ్ళు కనిపించాయి, రెండు వరుసలవీ.

నవ్వు తగ్గాక డెబ్భై ఒక్కేళ్ళావిడ మాటలు చదివాను, ఒక్క అక్షరం వదలకుండా. ఎవరూ నవ్వలేదు. పిన్ని తల వంచుకుని గొడుగు కొన చూస్తూ ఉండిపోయింది. తర్వాత మామగారి ఉత్తరం చదివాను.

"విషయం: నాకు నచ్చని కార్యక్రమమును ఆపకుండుట గురించి. ఆర్యా, మీ గొడుగు పాత్ర నాకు బొత్తిగా నచ్చదు. అది వచ్చినప్పుడెల్లా నేను గది వదలి వెళ్ళుచున్నాను. ఆ వెళ్ళుటయే నా అభిప్రాయము. దీనిని ఆపుటకు నా అయిష్టమును సాక్ష్యముగా వాడుకొనుటకు నేను అంగీకరించను. నచ్చనివాడు లేచి వెళ్ళును, నచ్చినవాడు కూర్చొనును. మధ్యలో మీరెవరు? ఇట్లు, ఒక కౌంటరు గుమాస్తా."

పెద్దమేడం ఉత్తరం తీసుకుని మళ్ళీ తనలో తను చదువుకుంది. "ఇది ఏ గడిలో పెడతారు?" అని అడిగింది. కాలమ్‌గారు ఫారం వంక చూశారు, ముందు వైపు, తర్వాత మొదటిసారిగా వెనక వైపు. చాలాసేపు చదివారు. మంగలి మాటల దగ్గర ఆయన పెదవి ఒక మూల కొంచెం కదిలింది.

గొడుగు పిన్ని ఉండిపోయింది. ఇకనుంచి ఒక వారం కిటికీ ఇటు, ఒక వారం కిటికీ అటు కూర్చుంటానని తనే అడిగింది. "ఆ డెబ్భై ఒక్కేళ్ళావిడని కుర్చీ వేసి కూర్చోబెట్టే గుమాస్తాని నేనవుతా. నన్నెవరైనా రాసివ్వమంటే ఎలా ఉంటుందో చూద్దాం" అంది. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. కారణం: ఫారం వెనక రాయుట. కాగితం ఇస్తూ కాలమ్‌గారు "నియమం నియమమేనమ్మా" అన్నారు. తీసుకుని "వెనక రాయడం మానను సార్" అన్నాను. బయటికొచ్చి మా ఆయనకి ఫోన్ చేసి చెబితే, "ఇంట్లో కూడా పొడిగిస్తున్నాం, యాభై ఏళ్ళు" అన్నాడు.

శనివారం అందరం టీవీ ముందు కూర్చున్నాం. పిన్ని రాగానే మామగారు లేచారు. ఉత్తరం రాసినంత మాత్రాన మెత్తబడతారేమోనని నాకు భయం. వరండాలోకి వెళ్ళి తలుపు గట్టిగా వేశారు. హమ్మయ్య. మా అత్తగారు నవ్వి నవ్వి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, నా వైపు చూసి, "ఏం బాగుందిలే" అన్నారు.

సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నా ఫోను మోగింది.

"నమస్కారం, ప్రేక్షకుల విభాగం."

అవతల నిశ్శబ్దం. తర్వాత ముక్కుతో మాట్లాడే ఒక కొత్త గొంతు: "ఆఁ... అక్కగారు లేరాండీ?"

"ఉన్నారండీ. ఇస్తున్నా." నేను కూడా గొంతు మార్చాను.

అక్క ఫోను అందుకుని, ఫారం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది. అర పేజీ అయింది. పేజీ అయింది. కాలమ్‌గారు అటుగా వస్తూ తిరగేసి ఉన్న కాగితం చూసి గుమ్మంలో ఆగారు. నేను దాన్ని దాచలేదు. ఇంకో కాగితం తీసి అక్క ముందు పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద దంతం పెట్టాను.